తవుడు ముద్దకు కాలం చెల్లిందా?

ఫోన్లో చేపల వీడియోలు చూసి గాలం పట్టిన కుర్రాళ్లకు ఎర అంటే ఇప్పుడు పొట్లం. స్ట్రాబెర్రీ వాసనది ఒకటి, వెనీలా వాసనది ఒకటి, గుండ్రంగా గట్టిగా ఉండే ‘బాయిలీలు’ మరొకటి. ఆర్డరు పెడితే పలాసకైనా సోంపేటకైనా ఇంటికే వచ్చేస్తాయి. అదే చెరువు గట్టు మీద ఓ పెద్దాయన స్టీలు గిన్నెలో తవుడూ తెలకపిండీ కలుపుతుంటే ‘ఇంకా ఆ ముద్దకే పడతాయేటి తాతా?’ అని అడగబుద్ధేస్తుంది.

పడతాయి. అయితే అన్ని నీళ్లలోనూ కాదు.

బొచ్చె, శీలవతి, మోసు పుట్టుకతో ఏటి చేపలు. వరద నీటిలో గుడ్లు పెట్టేవే తప్ప, నిలవ నీటి చెరువులో పెట్టేవి కావు. సోంపేటకు పొరుగునే ఉన్న ఒడిశాలో 1957 జులై 10న హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ కోవ చేపల చేత గుడ్లు పెట్టించింది. ఏటా ఆ రోజునే జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. అప్పటినుంచి ఊరి చెరువుల్లోకి హేచరీ పిల్ల రావడం మొదలైంది. ఆ పిల్లకు నర్సరీ కుంటలో మొదట పెట్టే మేత ఏమిటి? మెత్తగా జల్లించిన తవుడు, వేరుశెనగ చెక్క పొడి, సమానంగా. అంటే ఇవి దానికి ఉగ్గు. పెద్దయ్యాకా అదే తిండి. కొల్లేరు వైపు చెరువుల్లో తవుడూ చెక్కా కలిపి చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి నీళ్లలో వేలాడదీస్తారు. కొద్ది రోజుల్లోనే చేపలు సంచి దగ్గరకు రావడం నేర్చుకుని, ఆ చిల్లుల్లోంచి పీల్చుకు తింటాయి. అలా పెరిగిన చేపకు తవుడు వాసన తగిలితే అనుమానం దేనికి? స్ట్రాబెర్రీ మాత్రం దాని తాతముత్తాతలు కూడా ఎరగరు.

ముద్ద కట్టడంలోనే ఉంది పనితనమంతా. తవుడును జల్లించి, పొడి మూకుట్లో కమ్మని వాసన వచ్చేదాకా వేపుతారు. అందులో సగం తెలకపిండి గానీ వేరుశెనగ చెక్క గానీ వేసి, ఓ గుప్పెడు మెత్తటి అన్నం పిసికి, నీళ్లు చిలకరిస్తూ కలుపుతారు. పిడికిట్లో నొక్కితే నిలవాలి. నీళ్లలో పడ్డాక అంచులనుంచి కొంచెం కొంచెంగా రాలుతుండాలి. మరీ గట్టిదైతే రాయిలా కూర్చుంటుంది, మరీ వదులైతే విసురుకే చెదిరిపోతుంది. ఈ ముద్దను స్ప్రింగు చుట్టూ కట్టి, దాని పక్కన నాలుగైదు చిన్న గాలాలు వేలాడదీస్తారు. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు. నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని మొప్పల జల్లెడతో వడగట్టుకు తినే చేప అది. ముద్దను కొరకదు. ముద్ద చుట్టూ లేచిన తవుడు మేఘాన్ని పీలుస్తుంది, దాంతో పాటు గాలమూ లోపలికి పోతుంది. కాబట్టి బొచ్చె కోసం ముద్దను బెండు కింద కొంచెం లోతులో వేలాడదీయాలి, మోసు కోసమైతే అడుక్కి దించాలి. శీలవతి ఆ రెంటికీ మధ్య తిరుగుతుంది. దాని పెదవుల తాకిడికి బెండు మునిగే ముందు కాసేపు వణుకుతుంది. ఆ వణుకుకే గాలం లాగేసేవాడికి ఏ ఎరా కలిసిరాదు.

ఇంగ్లండులోనూ బొచ్చె, శీలవతుల కుటుంబానికే చెందిన కార్ప్ చేప ఎరల కథ పిండి ముద్దతోనే మొదలైంది. 1653లో తొలిసారి అచ్చయిన ఐజాక్ వాల్టన్ పుస్తకంలో కార్ప్‌కు కుందేలు మాంసమో పిల్లి మాంసమో చిక్కుడు పిండితో, తేనెతో దంచి ముద్ద చెయ్యమని ఉంది. గాలాన్ని వదలకుండా కాస్త ఉన్ని పీచు కలపమనీ ఆయనే చెప్పాడు. మన వైపు ఆ పని దూది చేస్తుంది. (వాలుగ చేప దవడతో పత్తి ఏకే పొందూరు ఉన్న జిల్లాలో చేపకూ దూదికీ చుట్టరికం కొత్తేమీ కాదు.) 1952 సెప్టెంబరులో రిచర్డ్ వాకర్ రెడ్‌మైర్ మడుగులో 44 పౌండ్ల కార్ప్‌ను పట్టి రికార్డు కొట్టింది కూడా రొట్టె పెచ్చుతో, పిండి ముద్దతోనే. బాయిలీలు వచ్చింది ఆ తర్వాత. గుడ్డు కలిపిన పిండిని ఉడికిస్తే పైన గట్టి పొర కడుతుంది, చిన్న చేపలు దాన్ని పీకలేవు. ఉపయోగమంతా ఆ గట్టిదనంలోనే ఉంది. రంగూ వాసనా చాలామటుకు కొనేవాడి ముక్కు కోసమే అనిపిస్తుంది. పరిగెలు ముద్దను నిమిషంలో ఖాళీ చేసే చెరువు అయితే, ఇంట్లో పిండిలో కోడిగుడ్డు కొట్టి ఉండలు చేసి ఉడికించుకున్నా ఆ మేలు దక్కుతుంది.

సోంపేట బీలకు వెళితే లెక్క మారిపోతుంది. సోంపేట, కంచిలి, కవిటి మండలాల మధ్య పరుచుకున్న ఆ తంపర నేలలో థర్మల్ ప్లాంటు వద్దని జనం ఎదురు నిలిస్తే, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని కొట్టేసింది. అక్కడి వాళ్లు కాపాడుకోవాలనుకున్న వాటిలో వరి ఉంది, నీళ్లున్నాయి, చేపలూ ఉన్నాయి. బీలలో చేపకు మేత వేసేవాడు లేడు. తవుడు రుచి దానికి తెలియదు. తెలిసిందల్లా పురుగూ రొయ్యా వానపామూ. అందుకే అక్కడ ఎర్రలకు తిరుగులేదు. వానపాము ఒంటినుంచి ఊరే అమైనో ఆమ్లాలు నీళ్లలో కలుస్తాయి; అలనైన్, ప్రోలిన్ లాంటి వాటి రుచికి కార్ప్‌లు ఇట్టే స్పందిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. అరటి పాదు కింద చెమ్మ మట్టి తవ్వి కొబ్బరి చిప్పలో ఎర్రలు పోసుకెళ్లే పిల్లాడికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కాకపోతే ఎర్రకు వచ్చేది ఇంగిలమో మార్పో కొర్రమీనో కావచ్చు. బొచ్చె కోసమే కూర్చున్నవాడికి విసుగు తప్పదు.

పాత ముద్ద నిజంగా తేలిపోయేది తేలే గుళికలు వేసి పెంచే చెరువుల్లో. అక్కడి రూప్‌చంద్‌లూ శీలవతులూ పైకొచ్చి గుళికను అందుకోవడానికి అలవాటు పడి ఉంటాయి. అక్కడ పొట్లాలవాడిదీ తవుడువాడిదీ ఒకటే పాట్లు. చెరువు కాపలా మనిషిని ‘ఏటేస్తన్నారు మావా మేత?’ అని ఓ మాట అడిగితే సగం పని అయిపోతుంది. తవుడంటే ముద్ద కలుపుకోవచ్చు. గుళికలంటే ఓ గుప్పెడు నానబెట్టి, అదే తవుడులో పిసుక్కోవచ్చు. వేలం పాడిన చెరువులో బయటివాళ్లు గాలం వెయ్యొచ్చో లేదో కూడా ఆయన్నే అడిగెయ్యొచ్చు. చాలాచోట్ల వెయ్యనివ్వరు.