ఫోనులో కాఫీ రేటు

అభివృద్ధి మీద ఈ మధ్య వస్తున్న రాతల్లో ఇంటర్నెట్ మాట లేనిది అరుదు. మన ఏజెన్సీ గురించి రాసేవాళ్లయితే అరకు కాఫీతో మొదలుపెడతారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఢిల్లీలో ఉన్నవాళ్లు కూడా ఫోనులో పొట్లం తెప్పించుకుంటున్నారు, కాబట్టి కొండమీద రైతు బాగుపడ్డాడు అని రాస్తారు. ఆ 'కాబట్టి' దగ్గరే మాకు పేచీ.

మనవాళ్లు అమ్మేది పొట్లం కాదు. కోసిన పండు కొందరు పచ్చిగానే ఇచ్చేస్తారు. కొందరు తొక్క తీయించి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్ముతారు. అదీ వీలుకానివాళ్లు పండును అలాగే ఎండబెట్టి చెర్రీగా సంతకు తెస్తారు. మూడింటికీ మూడు ధరలు. వేయించి, పొడి చేసి, పొట్లం కట్టే పని ఎక్కువగా కొండ దిగాకే జరుగుతుంది. ఇంటర్నెట్ దుకాణం పెట్టింది అక్కడ.

సంతలో ఏమీ మారలేదని మేము అనం. కర్ణాటక మార్కెట్ రేట్లు ఇప్పుడు ఫోనులో కనబడతాయి. మా దగ్గర చదివిన పిల్లవాడొకడు, పాడేరు వైపు సంతలో, ఆ రేటు తీసి షావుకారుకు చూపించాడు. "అది కర్ణాటక రేటురా, యాభై కిలోల బస్తాకి. అది పార్చ్‌మెంటు, నువ్వు తెచ్చింది చెర్రీ" అన్నాడు షావుకారు. చెప్పింది నిజమే. అయినా ఆ రోజు కిలోకు కొంత కలిపి ఇచ్చాడు. చదివినవాడు పక్కన నిలబడితే కాంటా కూడా కాస్త నిలకడగా ఉంటుంది!

ఆ తర్వాత మేము బడిలో అదే పట్టికను లెక్కల పాఠంగా పెట్టాం. బస్తా ధర నుంచి కిలో ధర తీయడం ఆరో తరగతి పిల్లలకు కష్టం కాలేదు. పట్టికలో ఇంగ్లీషు మాటలే అడ్డం పడ్డాయి. ఇంట్లో కువి, సంతలో ఒడియా, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు వాళ్లు.

గిరిజన సహకార సంస్థ కొనుగోలు ధర ప్రకటిస్తే అదీ ఇప్పుడు వాట్సాప్‌లో ఊరూరికీ చేరుతోంది. మేలే. అయితే ధర తెలిసిన ప్రతివాడూ ఆ ధరకు అమ్మగలడా? వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు, బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు షావుకారు దగ్గర డబ్బు తీసుకుంటాం. కాయ ఇంకా చెట్టుమీద పచ్చగా ఉండగానే అది ఆయనదైపోతుంది. ఇంటర్నెట్‌తో గిరిజన అభివృద్ధి అని రాసేవాళ్లు ఈ బదులు సంగతి ఎత్తరు. వానాకాలంలో అప్పు పుట్టే చోటు, పండు తొక్క తీసే యంత్రం, ఎండబెట్టుకునే కళ్లం ఊళ్లో ఉన్నాయా అని అడగరు. ఎర్రటి పండ్ల బుట్టతో నవ్వుతున్న ఆడమనిషి ఫొటో మాత్రం వేస్తారు, పేరు లేకుండా.

రేటు చూపించిన పిల్లవాడి పెదనాన్న కూడా ఆ రోజు సంతకు వచ్చాడు. ఫోనులో రేటు ఆయనా విన్నాడు. బస్తా దింపింది మాత్రం బదులిచ్చిన షావుకారు దగ్గరే.