నాలుగు చక్రాలకూ శక్తి: రెండు జపాన్ కార్ల బేరీజు

రెండు కార్లను పోల్చమంటే చాలామంది చూసేవి రెండే సంగతులు: ఇంజను అశ్వశక్తి ఎంత, గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకండ్లు పడుతుంది. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, సుబారు ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్. ఎస్.టి.ఐ. కార్ల విషయంలో ఈ కొలతలు పెద్దగా ఉపయోగపడవు. జపాన్ కంపెనీలు తమలో తాము కుదుర్చుకున్న అవగాహన ప్రకారం 2004 దాకా అక్కడ అమ్మే కార్లకు 280 అశ్వశక్తికి మించి ప్రకటించేవి కావు. 1990ల చివరికి ఈ రెండు కార్లూ ఆ హద్దును చేరాయి. రెండింటిలోనూ రెండు లీటర్ల టర్బో ఇంజనే. రెండూ నాలుగు చక్రాలతో తోసుకుపోయేవే. మరి తేడా ఎక్కడుంది? శక్తి చక్రాల దాకా చేరే దారిలో ఉంది. ఆ దారిలో ఏ భాగం చెడుతుంది, చెడితే ఏమవుతుంది అన్న ప్రశ్నలో ఉంది.

ప్రపంచ ర్యాలీ పోటీల్లో పాల్గొనాలంటే అలాంటి కార్లను కొన్ని వేల సంఖ్యలో జనానికి అమ్మి ఉండాలన్న నిబంధన ఉండేది. ఆ నిబంధన వల్లే 1992లో లాన్సర్ ఎవల్యూషన్, ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్. రెండూ బజారులోకి వచ్చాయి. సుబారు 1995 నుంచి 1997 వరకు వరుసగా తయారీదారుల టైటిల్ గెలిచింది. మిత్సుబిషి నడిపిన టామీ మాకినెన్ 1996 నుంచి 1999 వరకు నాలుగుసార్లు డ్రైవర్ల విజేత అయ్యాడు. మన దేశంలో 1998 నుంచి తమిళనాడులోని తిరువళ్ళూరులో తయారైన లాన్సర్ ముందు చక్రాలతో నడిచే మామూలు కారు. దానికీ ఎవల్యూషన్‌కూ పేరులో ఉన్నంత పోలిక యంత్రంలో లేదు.

నాలుగు చక్రాలెందుకు?

తడి మట్టిరోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. నాలుగు చక్రాలూ తోస్తే కారు బరువంతా పట్టుకు అక్కరకు వస్తుంది కాబట్టి గరిష్ఠ త్వరణం సుమారు 4 మీ/సె² ఉంటుంది. రెండు చక్రాలే తోస్తూ, వాటి మీద సగం బరువే ఉంటే అది 2 మీ/సె² మాత్రమే. బ్రేకు వేసేటప్పుడు మాత్రం ఈ లాభం ఏమీ లేదు. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా! నాలుగు చక్రాలకు శక్తి ఉన్న కారు తడిరోడ్డు మీద త్వరగా ఆగుతుందనుకోవడం ప్రమాదకరమైన అపోహ.

ఇక మలుపు సంగతి. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు ఉన్న కారు ఒక పూర్తి వలయం తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే 2π × 1.5, అంటే 9.4 మీటర్లు ఎక్కువ దూరం పోతుంది. వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా ఇంతే. అందుకే ఎడమ, కుడి చక్రాల మధ్య డిఫరెన్షియల్ కావాలి. ముందు చక్రాలు, వెనక చక్రాలు కూడా వేరు వేరు దూరాలు పోతాయి. కాబట్టి నడుమ మరొకటి కావాలి. అయితే మామూలు డిఫరెన్షియల్‌కు ఒక లోపముంది. ఒక చక్రం బురదలో జారితే అది ఊరికే గిరగిర తిరుగుతుంది, మిగతావాటికి బలం అందదు. ఈ జారుడును అదుపుచేసే పద్ధతిలోనే రెండు కంపెనీల దారులు వేరయ్యాయి.

రెండు దారులు

సుబారు ఇంజనులో పిస్టన్లు నిలువుగా కాకుండా ఎడమకు, కుడికి పడుకుని ఎదురెదురుగా కదులుతాయి. ఇంజను పొడవుగా నిలువుదిశలో అమర్చినందువల్ల దాని వెనక గేర్‌బాక్సు, ఆ వెనక చోదక దండం ఒకే వరుసలో వస్తాయి. శక్తి వెనక ఇరుసు దాకా దాదాపు సూటిగా పోతుంది. గరిమనాభి కూడా కిందికి దిగుతుంది. నడిమి డిఫరెన్షియల్ బిగువును డ్రైవరే ఒక చిన్న చక్రం తిప్పి మార్చుకునే వీలు చాలా ఎస్.టి.ఐ. రకాల్లో ఉంది. ఈ అమరికలో లోపం ఒకటే: ఇంజను ముందు ఇరుసుకు ముందువైపున ఉంటుంది గనుక ముక్కుభాగం బరువెక్కుతుంది.

మిత్సుబిషి ఇంజను అడ్డంగా కూర్చుంటుంది. అది మొదట ముందు చక్రాల కారు కోసం వేసిన పునాది. వెనక్కి శక్తి పంపాలంటే గేర్లతో 90 డిగ్రీలు మళ్ళించాలి. ఈ సహజమైన ఇబ్బందిని కంపెనీ తెలివైన నియంత్రణతో పూడ్చింది. 1996 నాటి ఎవల్యూషన్ 4లో వెనక ఇరుసు మీద ఎడమ, కుడి చక్రాలకు బలాన్ని వేర్వేరుగా పంచే ఏర్పాటు వచ్చింది. పడవలో కుడి తెడ్డును గట్టిగా వేస్తే పడవ ఎడమకు తిరిగినట్టే, బయటి చక్రానికి ఎక్కువ బలం పంపితే కారు మలుపులోకి తిరుగుతుంది. 2001లో ఎవల్యూషన్ 7 నుంచి నడిమి డిఫరెన్షియల్‌ను కూడా ఎలక్ట్రానిక్ మెదడు, నూనె ఒత్తిడితో పనిచేసే క్లచ్ అదుపు చేశాయి.

చెడితే?

సుబారు తొలి ఐదు గేర్ల పెట్టె పెరిగిన బలానికి తట్టుకోలేక పళ్ళు విరగ్గొట్టుకునేదని పేరుపడింది. 2000 తరువాతి ఎస్.టి.ఐ.లలో వచ్చిన ఆరు గేర్ల పెట్టె ఆ మచ్చను తుడిచేసింది. తరువాత బలహీనత ఇంజనులో బయటపడింది. అమెరికాకు పంపిన 2004 మోడల్‌తో ఇంజను రెండున్నర లీటర్లయింది. సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం పెంచకుండా వ్యాసాన్ని 92 నుంచి 99.5 మిల్లీమీటర్లకు పెంచారు. అంటే పక్కపక్క సిలిండర్ల మధ్య మిగిలే లోహం 7.5 మిల్లీమీటర్లు తగ్గింది. ఈ ఇంజన్లలో నాకింగ్ వచ్చినప్పుడు పిస్టన్ రింగుల మధ్యనున్న సన్నని గట్టు పగలడం, నూనె చాలక బేరింగులు అరిగిపోవడం మెకానిక్కులకు బాగా తెలిసిన జబ్బులు.

ఎవల్యూషన్ 9 దాకా వాడిన మిత్సుబిషి ఇంజను పోత ఇనుప దిమ్మెతో చేసింది. బరువెక్కువే గాని గట్టి పిండం. ఈ కారులో ముందుగా అలిసేది తెలివైన భాగమే. 2007 నాటి ఎవల్యూషన్ 10లో నూనె ఒత్తిడి పంపు కారు అడుగున, రోడ్డు నీళ్ళు ఎగిరిపడే చోట ఉంటుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో అది తుప్పుపట్టి చెడిపోవడం మామూలయింది. దాన్ని మార్చడానికి ఖర్చూ తక్కువ కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గ్యారేజికి వచ్చిన కార్లను లెక్కపెట్టి ఏ రకం నమ్మకమైనదో తేల్చలేం. చెడకుండా తిరుగుతున్న కార్లు ఆ లెక్కలో కనిపించవు. పైగా ఇలాంటి కార్లను కొన్నవారిలో చాలామంది టర్బో ఒత్తిడి పెంచి ఇంకా బలం లాగుతారు. ఆ తరువాత పగిలిన పిస్టన్‌కు తయారీదారును ఎంతవరకు నిందించాలి?

అందుకే ఎన్నిసార్లు చెడిందని కాక, చెడితే ఏమవుతుందని అడగడం మేలు. మిత్సుబిషి పంపు ఆగితే హెచ్చరిక దీపం వెలుగుతుంది, నియంత్రణ పోతుంది, కారు మాత్రం మామూలు కారులా ఇంటికి చేరుస్తుంది. సుబారు బేరింగు పట్టేస్తే కారు దారిలోనే ఆగిపోతుంది, ఇంజనే పోతుంది. చోదక దారి అమరికలో సుబారుకే ఎక్కువ మార్కులు వేయాలి. కారు మొత్తాన్ని చూస్తే మాత్రం ఇనుప ఇంజను ఉన్న ఎవల్యూషన్ వైపే నేను మొగ్గుతాను. చక్కని అమరికకు బలహీనమైన ఇంజను జోడిస్తే ఆ చక్కదనం సగం వ్యర్థమవుతుంది.

ఎవల్యూషన్ తయారీ 2016లోనూ, ఎస్.టి.ఐ. తయారీ 2021లోనూ ఆగిపోయాయి. ముందొకటి, వెనకొకటి మోటారు ఉన్న విద్యుత్ కార్లలో చోదక దండమూ, నడిమి డిఫరెన్షియలూ అవసరం లేదు. ఆ పనంతా ఎలక్ట్రానిక్ మెదడు మీద పడింది. రేపు ఇంజనీర్లయ్యే విద్యార్థులు ఆ కార్లను బేరీజు వేసేటప్పుడు సెకండ్ల పట్టిక పక్కన పెట్టి, ఏ భాగం ఆగితే బండి కదలదో ముందు కనుక్కోవాలి.