ప్రోగ్రాము పుటలో ఖాళీ చోటు

కథల పుస్తకమును ఇ-పుస్తకముగా మార్చుట నేడు కష్టము కాదు. అక్షరములన్నియు చేరిన చాలును. పంక్తి ఎక్కడ విరిగినను కథ మారదు. ప్రోగ్రామింగు గ్రంథములను కూడ ఈ నమ్మకముతోనే మార్చుచున్నారు. చిక్కంతయు అక్కడనే కలదు.

బ్రయన్ కెర్నిఘన్, డెనిస్ రిచీ కలిసి 1978లో వెలువరించిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ ఈ విషయమున ఒక ఒరవడి. గ్రంథపాఠము కంప్యూటరులోనే ఉండుటచే, అందలి ఉదాహరణలను ఆ పాఠమునుండియే తీసి పరీక్షించితిమని రచయితలు పీఠికలో చెప్పిరి. నడచినదే అచ్చయినదన్న మాట. నేటి ఇ-పుస్తకములలో పెక్కింటికి ఈ ఒరవడి అబ్బలేదు. మార్పిడి సాధనములు వచనమును అందగించు అలవాటుతో ప్రోగ్రామును కూడ అందగించుచుండును. నిటారుగా ఉండవలసిన కొటేషను గుర్తులు వంపు తిరుగును. కంప్యూటరు వానిని గుర్తింపదు. సి భాషలో రెండు ఋణచిహ్నములు పక్కపక్కన ఉన్న, విలువలో ఒకటి తగ్గింపుమని అర్థము. అవి కలిసి ఒక పొడవు గీతగా మారినచో అర్థమే లేదు.

పైథాన్ భాషకు ఇంకను పెద్ద ఆపద గలదు. 1991లో గైడో వాన్ రోసమ్ లోకమునకు విడుదల చేసిన ఈ భాషలో పంక్తి మొదట విడిచిన ఖాళీయే వ్యాకరణము. మొత్తమును సున్నతో మొదలిడి, 1, 2, 3 సంఖ్యలను ఒక్కొక్కటిగా కలిపి, ఫలితమును చూపవలెననుకొందము. ‘చూపుము’ అను పంక్తి అంచునుండి మొదలైన, 6 అని ఒక్కసారి వచ్చును. అదియే కలుపు పంక్తితో సమముగా లోనికి జరిగిన, 1, 3, 6 అని మూడుసార్లు వచ్చును. ఖాళీలన్నియు పోయిన కంప్యూటరు తప్పు చూపి ఆగును. అది కొంత మేలు. ఒక్క పంక్తియే జరిగిన ప్రోగ్రాము చక్కగా నడచును, జవాబు మాత్రము మారును. ఒంటరిగా చదువుకొను విద్యార్థి అప్పుడు పుస్తకమును అనుమానింపడు, తన తెలివినే అనుమానించును.

మన తాళపత్రములలో పద్యములను పాదము విడదీయక వరుసగా వ్రాసెడివారు. యతిప్రాసలు, గణములు తెలిసినవాడు పాదములను తిరిగి నిలుపగలడు. సి భాషలో కుండలీకరణములు అట్టి సాయము చేయును. పైథానులో ఆ సాయము లేదు.

ఇ-పుస్తకముల లోపలి భాషయగు హెచ్.టి.ఎం.ఎల్. మామూలుగా వరుస ఖాళీలను ఒక్కటిగా కుదించును. ‘ప్రీ’ అను గుర్తులో ఇమిడ్చిన భాగమును మాత్రము ఉన్నదున్నట్లు నిలుపును. ఇంత సులువైన ఉపాయముండగా కొందరు ప్రోగ్రామును ఫోటో తీసి అతికించుచున్నారు. ఇది సోమరి పని. బొమ్మలోని అక్షరము పాఠకుడు కోరినట్లు పెరుగదు, నకలు తీయుటకు లొంగదు. చూపులేనివారికి పుటను చదివి వినిపించు సాధనమునకు సాధారణముగా అందదు.

అయితే ‘ప్రీ’తోనే పని తీరదు. పైథాన్ వారి శైలి నియమావళి పంక్తికి 79 అక్షరముల హద్దు పెట్టినది. చిన్న ఫోను తెరపై అంత పొడవు పంక్తి చదువదగిన పరిమాణములో పట్టదు. తెరను పక్కకు జరుపవచ్చును గాని, పుటలు తిప్పు పరికరములు కొన్ని అందుకు ఒప్పవు, పంక్తి చివర కనబడకుండ పోవును. దానంతట విరుగనిచ్చిన, విరిగిన ముక్క కొత్త పంక్తివలె తోచును. కనుక మార్చువాడు కాదు, రచయితయే విరువవలెను. పైథానులో బ్రాకెట్ల నడుమ పంక్తిని విరిచినను అర్థము చెడదు. ఈ సౌకర్యమును వాడుకొని పంక్తులను పొట్టిగా వ్రాసిన చిక్కు చాలవరకు తీరును.

తయారైన ఇ-పుస్తకమునుండియే ప్రతి ఉదాహరణను నకలు తీసి నడిపి చూచుట ప్రచురణకర్తల పని. కొనబోవు ఉపాధ్యాయునికి ఇంకను చిన్న పరీక్ష చాలును. నమూనా పుటలలో ఒక ప్రోగ్రామును తెరచి, అక్షరమును మిక్కిలి పెద్దది చేసి, లోపలి పంక్తులు లోపలనే, అంచు పంక్తులు అంచుననే ఉన్నవా అని చూడవలెను.