రెక్కను విడదీసి తిరిగి నిలబెట్టే చేయి

గుండెలో కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటానికి మూడు రెక్కలు. పిండ దశలో ఇవి విడిగా పుట్టవు. జఠరిక గోడ లోపలి పొరే కొద్దికొద్దిగా ఊడి రెక్కలవుతుంది. ఆ ఊడటం సగంలో ఆగిపోతే రెండు రెక్కలు గోడకే అతుక్కుపోతాయి. కవాటం ఉండాల్సిన చోటికి బాగా కింద, జఠరిక లోతులో తెరుచుకుంటుంది. మూడోదైన ముందు రెక్క మాత్రం అవసరానికి మించి వెడల్పుగా పెరుగుతుంది. ఇదీ ఎబ్‌స్టెయిన్ లోపం. సుమారు 20 వేల జననాల్లో ఒకరికి వస్తుంది. 1866లో బ్రెస్లావ్ నగరంలో విల్‌హెల్మ్ ఎబ్‌స్టెయిన్ అనే వైద్యుడు 19 ఏళ్ల కూలీ గుండెను పరీక్షించి దీన్ని వర్ణించాడు. అంటే ఈ లోపంతోనే కష్టం చేసుకుంటూ పెద్దవాళ్లయినవాళ్లు మొదటినుంచీ ఉన్నారన్నమాట.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఇలాంటివాళ్లు ఆలస్యంగా బయటపడతారు. అడవిలోకి నడిచి వెళ్లి వస్తే వచ్చే ఆయాసాన్ని రక్తహీనత అనుకోవడం తేలిక. పుట్టుకతో వచ్చే లోపాలను వెతికే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల వరకే. నవా రాయ్‌పూర్‌లో ఉచితంగా ఆపరేషన్లు చేసే సత్యసాయి సంజీవని ఆస్పత్రి ప్రధానంగా పిల్లల గుండెల కోసం ఉంది. వయసు దాటినవాళ్లు జగదల్‌పూర్ నుంచి కేశ్‌కాల్ ఘాట్ దిగి, 300 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్ చేరాలి. అక్కడ అంబేడ్కర్ ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న అడ్వాన్స్‌డ్ కార్డియాక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎబ్‌స్టెయిన్ ఆపరేషన్లు జరిగాయి. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట్లాడేవాళ్లకు హైదరాబాద్ దారే అలవాటు.

ముప్పై ఏళ్లవాడి ఛాతీ తెరిచిన సర్జనుకు కనిపించేది లోపం ఒక్కటే కాదు, దానితో గుండె ఇన్నేళ్లుగా కుదుర్చుకున్న రాజీ కూడా. వెనక్కి కారే రక్తాన్ని పట్టుకోవడానికి కుడి కర్ణిక విపరీతంగా సాగి ఉంటుంది. కవాటానికి పైన మిగిలిపోయిన జఠరిక భాగం పనిలేక పలచబడి ఉంటుంది. చాలామందికి కర్ణికల మధ్య గోడలో రంధ్రం ఉంటుంది. కుడివైపు ఒత్తిడి పెరిగినప్పుడు చెడు రక్తం అందులోంచి ఎడమకు దాటుతుంది. పెదవులు నీలం తిరగడం అందుకే. అయినా అలసిన కుడి జఠరికకు ఊపిరి సలిపే కిటికీ అదే. మూసేస్తే ఆ జఠరిక బరువు మోయగలదా అన్నది ముందే తేల్చుకోవాలి. మోయలేదనిపిస్తే చిన్న సందు ఉంచి కుడతారు.

బస్తర్ రోగి విషయంలో కత్తి పట్టకముందే మరో లెక్క ఉంది. ఇక్కడి ఆదివాసుల్లో సికిల్ సెల్ ఎక్కువ. ఆ రక్తజబ్బు ఉన్నవాళ్లలో ప్రాణవాయువు తగ్గినా, శరీరం చల్లబడినా ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. హార్ట్-లంగ్ మెషిన్ మీద మామూలుగా శరీరాన్ని చల్లబరుస్తారు కదా! అందుకే ముందు హిమోగ్లోబిన్ రకాన్ని తేల్చే పరీక్ష చేస్తారు. జబ్బు ఉందని తేలితే మెషిన్‌ను దాత రక్తంతో నింపి, రోగి రక్తంలో వంకర కణాల వాటా తగ్గిస్తారు. ఒంటి వేడిని మామూలుకు దగ్గరగా నిలుపుతారు. ఆపరేషన్ విజయంలో ఆ మెషిన్‌ను నడిపే పెర్ఫ్యూజనిస్టుది ఎంత వాటానో ఇక్కడ తెలుస్తుంది.

రెండు మహాసిరలకూ బృహద్ధమనికీ గొట్టాలు అమర్చి, పొటాషియం ద్రావణంతో గుండెను ఆపి, కుడి కర్ణికను తెరుస్తారు. ఇక అసలు పని. పూర్వం ఇలాంటి కవాటాన్ని తీసేసి కృత్రిమ కవాటం పెట్టేవాళ్లు. ఇప్పటికీ కొందరికి అదే తగినది. బ్రెజిల్ సర్జన్ జోసే పెడ్రో ద సిల్వా 1993 నుంచి వేరే దారి పట్టి, 40 మంది ఫలితాలను 2007లో ప్రచురించాడు. రోగి సొంత రెక్కల్లో ఒక్క పీలికనూ పారెయ్యకూడదన్నది ఆయన పట్టుదల. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఆ పట్టుదలే.

ముందు రెక్కను పైఅంచు దగ్గర కోసి, గోడకు పట్టుకున్న కండపోగులను ఒక్కొక్కటిగా విడదీస్తూ వెనక రెక్క వరకూ వెళ్తారు. పిండ దశలో ఆగిపోయిన పనిని సర్జను కత్తెర పూర్తి చేస్తుంది. కొసన ఉన్న తంతువులను మాత్రం తెంచరు, రెక్క వేలాడేది వాటిమీదే. ఎక్కువ కోస్తే రెక్క చిల్లు పడుతుంది, తక్కువ కోస్తే కదలదు. ఇలా విడిపించిన వెనక అంచును సవ్యదిశలో తిప్పి, జఠరికల మధ్యగోడవైపు దొరికిన రెక్క ముక్కను కూడా కలుపుకుని, రెండో అంచుకు కుడతారు. అడ్డాకును చుట్టి పుల్ల గుచ్చితే దొన్నె అయినట్టు, చదునైన పొర శంకువవుతుంది. దాని మొన జఠరిక అడుగు వైపు, నోరు కర్ణిక వైపు. పలచబడిన జఠరిక భాగాన్ని నిలువుగా మడిచి కుట్టేస్తారు. పక్కనే కుడి కరోనరీ ధమని ఉంటుంది కాబట్టి మడత లాగితే అది మెలిక పడకుండా చూసుకోవాలి. సాగిన కవాట వలయాన్ని శంకువు నోటికి సరిపడా కుదించి, కవాటాన్ని దాని అసలు చోట నిలబెడతారు. పెరగాల్సిన పిల్లలకు కుదరదు కానీ, పెద్దవాళ్లకు వలయం చుట్టూ ఉంగరం వేసి బిగించే వీలుంది.

దారం మందం మిల్లీమీటరులో పదో వంతు. కరోనరీ సైనస్ ద్వారం పక్కన, వేలిగోరంత మేరలో, గుండె లయను జఠరికలకు అందించే ఏవీ నోడ్ దాగి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి సూది లోతుకు దిగకూడదు, పైపొరను మాత్రమే పట్టుకోవాలి. ఒక్క కుట్టు లోతైతే రోగికి జీవితాంతం పేస్‌మేకరే గతి.

చివరికి సిరంజితో జఠరికలోకి చల్లని సెలైన్ నింపుతారు. శంకువు ఉబ్బి అంచులు కలిస్తే పైకి చుక్క రాదు. ఎక్కడైనా చిమ్మితే అక్కడ మరో కుట్టు. గుండె కొట్టుకోవడం మొదలయ్యాక అన్నవాహికలోంచి తీసే ఎకోతో మళ్లీ చూస్తారు. జఠరిక మరీ బలహీనంగా కనిపిస్తే, పైమహాసిర రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తుల ధమనికి కలిపే గ్లెన్ అమరికతో కొంత భారం తగ్గిస్తారు.

లయ తప్పడం ఏళ్ల తర్వాతా రావచ్చు, అందుకని ఎకో, ఈసీజీ జీవితాంతం తప్పవు. ఎంత రెక్క విడిపించారు, రంధ్రం మూశారా, సందు ఉంచారా, ఉంగరం వేశారా అన్నది ఆపరేషన్ నోట్‌లో రాస్తారు. తర్వాత జగదల్‌పూర్‌లో చూసినా విశాఖలో చూసినా, ఆ డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.