స్వగత రచనలో ‘నేను’ ఎక్కడ నిలబడి వుంది?

కవిత్వానికీ, కథకూ, నవలకూ మన విమర్శలో కొలతలు ఏర్పడి వున్నాయి. వాటిని గురించి తగాదాలు పడ్డాం, తీర్మానాలు చేశాం, మళ్ళీ తగాదాలు పడ్డాం. కాని ఒక మనిషి తీరికగా కూర్చొని, పొద్దున పేపర్లో చదివిన వార్త మీద నాలుగు మాటలు, తాను పెంచుకొన్న మొక్క మీద నాలుగు మాటలు, విన్న పాట మీదా చదివిన పుస్తకం మీదా మరో నాలుగు మాటలు, చివరకు రాయడానికి తాను పడే పాట్ల మీద కూడా కొంత, తోచింది తోచినట్టు రాసుకొనే రచనకు మన దగ్గర కొలత లేదు. దానికి నిలకడైన పేరు కూడా లేదు. చలం ఇంగ్లీషు మాటనే వుంచేసి ‘మ్యూజింగ్స్’ అన్నాడు. మా జూలూరుపాడు వైపు దీన్ని ‘ముచ్చట పెట్టుకోవడం’ అంటారు. ఈ వ్యాసంలో నేను దాన్ని స్వగత రచన అంటాను.

మన శిబిరంలో దీని మీద తీర్పు ఎప్పుడో అయిపోయింది. మధ్యతరగతి వాడి కాలక్షేపమని ముద్ర వేసి పక్కన పెట్టాం. అవతలి పక్షం వారు దీన్ని నిర్మలమైన హృదయావిష్కరణ అని నెత్తికెత్తుకొన్నారు. ఈ రెండు తీర్పులలోనూ పరిశీలన లేదు. రచయిత తన గురించి రాసుకోవడంలో దోషం లేదని నా అభిప్రాయం. ఆ ‘నేను’ ఎక్కడ నిలబడి, ఎవరి శ్రమ వల్ల దొరికిన తీరికలో, ఏం చూసి మాట్లాడుతున్నదో పాఠకుడికి తెలియనివ్వకపోవడంలో వుంది దోషం. ఈ కొలతతో మన స్వగత రచనను ఒకసారి చూడవలసి వుంది.

మొదట ఏనుగుల వీరాస్వామయ్యను తీసుకొందాం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారి పొడుగునా చూసింది చూసినట్టు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు పంపాడు. 1838లో అది ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళు వున్నాయి, ఏ బాట పల్లకీకి పనికి వస్తుంది, ఏ వూళ్ళో ఎవరు ఎలా బతుకుతున్నారు—ఇవన్నీ అందులో వున్నాయి. వీరాస్వామయ్య మన భావాల మనిషి కాడు. కుంఫిణీవారి కొలువు చేసినవాడు, ఆచారపరుడు, బోయీల భుజాల మీద ప్రయాణం చేసినవాడు. కాని ఆ సంగతులేవీ ఆయన మన దగ్గర దాచలేదు. తాను ఎవరో, ఎలా పోతున్నాడో, దేనికి ఎంత ఇబ్బంది పడ్డాడో చెప్పాడు గనుకనే, దాదాపు రెండు శతాబ్దాల తరువాత మనం ఆయన చూపును సరిదిద్దుకొని చదువుకోగలుగుతున్నాం. పల్లకీలో నుంచి చూసిన దేశం అది అని తెలిసి చదివితే, దానిలో నడిచిన మనుషులు కూడా మనకు కనిపిస్తారు.

తరువాత పానుగంటి లక్ష్మీనరసింహారావు. ఇంగ్లండులో అడిసన్, స్టీల్ 1711లో నడిపిన ‘స్పెక్టేటర్’ వరవడిలో ఆయన ‘సాక్షి’ వ్యాసాలు రాశాడు. పెళ్ళిళ్ళు, వేషభాషలు, సభలు, స్వభాష మీద నిర్లక్ష్యం—ఆనాటి వర్తమాన విషయాలన్నీ జంఘాలశాస్త్రి నోట పలికించాడు. ఆ వాగ్ధాటికి మనం ఇవాళ కూడా నవ్వుతాం. అయితే జంఘాలశాస్త్రి అనేది ఒక ముసుగు. ముసుగు వేసుకోవడం తప్పు కాదు, వ్యంగ్యానికి అది అవసరం కూడా. చిక్కు ఎక్కడంటే, జంఘాలశాస్త్రికి సాయంత్రం సభ వుంది గాని పగటి పని లేదు. ఏ జీతం మీద బతుకుతున్నాడో, ఇంట్లో బియ్యం ఎవరు తెస్తున్నారో మనకు తెలియదు. అందువల్ల ఆయన ఎవరినైనా తిట్టగలడు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు. ఇవాళ రోజువారీ వ్యాఖ్యలు రాసేవారిలో చాలామంది, పానుగంటి పేరు విననివారు కూడా, జంఘాలశాస్త్రి వారసులే. వారికి ఆయన ధోరణి అబ్బింది, భాష అబ్బలేదు.

చలం దగ్గరకు వచ్చేసరికి ముసుగు పోయింది. ఆయన మాటకు ఆయన జీవితమే పూచీ. బడుల ఇన్‌స్పెక్టరుగా వుద్యోగం చేస్తూ, సంఘం వెలి పెట్టినంత పని చేస్తున్నా, తాను నమ్మింది రాశాడు. దానికి మూల్యం చెల్లించాడు. 1950లో తెలుగు దేశం విడిచి అరుణాచలం వెళ్ళిపోయాడు. ‘మ్యూజింగ్స్’లోని ‘నేను’ను మనం శంకించలేకపోవడానికి కారణం ఇదే. కాని ఆ పుస్తకానికి ఒక హద్దు కూడా వుంది. బయటి లోకంలోని బాధ ఆయన మనస్సులోకి రాగానే ఆయన బాధగా మారిపోతుంది. దాని కారణాలు వాకిట్లోనే నిలబడిపోతాయి. చలాన్ని ఇష్టపడే విద్యార్థులు ఆయన ధైర్యాన్ని వదిలేసి ఆ విసుగును మాత్రం అనుకరించడం నేను చూస్తున్నాను. ధైర్యానికి ఖర్చు వుంది, విసుగుకు లేదు.

ఇక హాబీలు. స్వగత రచనలో మన విమర్శకులు ఎక్కువగా ఈసడించుకొనేది వీటినే. దేశం ఇలా వుంటే నీ రేడియో గొడవేమిటి, నీ రాగాల గొడవేమిటి అని అడుగుతాం. దీనికి జవాబు కొడవటిగంటి కుటుంబరావు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ‘చందమామ’ పని చూస్తూనే, ఆయన సినిమా మీదా, సంగీతం మీదా, చరిత్ర మీదా, విజ్ఞానం మీదా వ్యాసాలు రాస్తూ వచ్చాడు. ఆయన సరదా ఎక్కడా వొంటరిగా వుండదు. సినిమా గురించి రాస్తే అది ఎవరి డబ్బుతో తయారవుతున్నదో, ఎవరి అభిరుచిని ఎవరు పాడుచేస్తున్నారో ఆ ప్రశ్న వెంట వస్తుంది. సంగీతం గురించి రాస్తే వినేవాడి చెవికి సంస్కారం ఎలా వస్తుందనే ప్రశ్న వస్తుంది. ఒక విషయాన్ని ప్రేమించినవాడికి దాని లోగుట్టు తెలుస్తుంది. ఆ లోగుట్టు పట్టుకొని సంఘంలోకి నడిచిపోవచ్చు. సరదా లేని రచయిత చెప్పే సమాజ విశ్లేషణ చాలాసార్లు కరపత్రం వాసన వేస్తుందని మనం ఒప్పుకోవాలి.

అయితే సరదాకు తీరిక కావాలి. తీరిక ఆకాశం నుంచి ఊడిపడదు. 1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం వీధికెక్కినప్పుడు, తమ రోజులో కొంత భాగం తమదని అడిగారు. చదువుకోవడం, పాడుకోవడం, వూరికే కూర్చోవడం కూడా ఆ కోరికలో వున్నాయి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం, దుకాణాలు మినహా, వాణిజ్య సంస్థలలో రోజుకు పది గంటల వరకు పనిచేయించుకోవడానికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు అలాగే వుంచింది. దీని మీద ఆర్థిక వాదనలు పత్రికలలో వచ్చాయి. కాని పదో గంట పోయాక ఇంటికి చేరే మనిషి ఆ సాయంత్రం ఏ పుస్తకం మూసి పెట్టాడు, ఏ పిల్లవాడితో ఆడటం మానుకొన్నాడు అనేది స్వగత రచన మాత్రమే చెప్పగలదు. వర్తమాన విషయం, సరదా, రచన అనే మూడూ ఇక్కడ ఒకే ప్రశ్న అయిపోతాయి.

ఏన్కూరు మీదుగా కొత్తగూడెం పోయే బాట మీద వుంది మా జూలూరుపాడు. పత్తి, మిరప, అంచున అడవి. వేసవిలో తునికాకు కోసే ఆడది చీకటితోనే అడవికి పోతుంది. మధ్యాహ్నం ఇంట్లో కూర్చొని ఆకును యాభైకి ఒక కట్ట కడుతుంది. సాయంత్రం కల్లంలో అప్పజెబుతుంది. ఆ మనిషికి లోకం మీద అభిప్రాయాలు లేవా? వున్నాయి. పాట వుంది, ఎగతాళి వుంది, సర్కారు మీద చురకలు వున్నాయి. కాగితమూ, గంట తీరికా లేవు. కోయ మాట్లాడే ఇంటి నుంచి వచ్చినదైతే, కాగితం మీద భాష కూడా తనది కాదు. ‘ముచ్చట’ అందరికీ వుంది. అది ‘రచన’ కావడం మాత్రం కొందరికే దక్కింది.

ఈ లోటును కొంత తీర్చిన పుస్తకం 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ మాటల్లో చెప్పుకొన్న బతుకు అది. పోరాటం మీద మనకు నివేదికలు వున్నాయి, నాయకుల చరిత్రలు వున్నాయి. 1948 తరువాత దళాలు గోదావరి అడవులకు మళ్ళిన సంగతి వాటిలో చదివాం. కాని అడవిలో పసిబిడ్డను ఏం చేశారు, పోరాటం ఆగిపోయాక ఇంటికి వచ్చిన ఆడదాన్ని ఎలా చూశారు అనే విషయాలు ఈ ‘నేను’లు నోరు విప్పితేగాని మనకు పూర్తిగా తెలియలేదు. స్వంత ముచ్చట వ్యక్తివాదమని మనం కొట్టిపారేసిన కాలంలో, మన ఉద్యమ చరిత్రలో సగం మాట్లాడకుండా వుండిపోయింది. ఈ లెక్క విమర్శకులుగా మనం చూసుకోవాలి.

వర్తమాన విషయాల మీద రాసేవారికి మా ప్రాంతమే ఒక పరీక్ష పెట్టింది. 2022 నవంబరులో మా పక్కనున్న చండ్రుగొండ మండలంలో, ప్లాంటేషన్ దగ్గర జరిగిన తగాదాలో ఒక అటవీ రేంజి అధికారి గొత్తికోయల చేతిలో హత్యకు గురయ్యాడు. తరువాత ఆ గ్రామపంచాయతీ గొత్తికోయలను వెళ్ళగొట్టాలని తీర్మానించినట్టు పత్రికలలో వచ్చింది. వీరిలో ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ప్రాణాలు చేత పట్టుకొని వచ్చినవారు. అటవీ హక్కుల చట్టమేమో 2005 డిసెంబరు 13 నాటికి సాగులో వున్న భూమికే హక్కు ఇస్తుంది. ఆ రోజుల్లో నేను చదివిన వ్యాఖ్యలలో కొన్ని ఒక తెగనంతా హంతకులుగా చూపాయి. మన పక్షం నుంచి వచ్చినవి పోడు సమస్య చరిత్ర అంతా చెప్పి, చనిపోయిన మనిషి దగ్గరకు వచ్చేసరికి ఒక వాక్యంతో దాటేశాయి. రెండింటిలోనూ రాసినవాడు ఎక్కడ నిలబడి వున్నాడో తెలియదు. విధి నిర్వహణలో చచ్చిపోయినవాడి ఇల్లూ, ఏ తేదీకీ చెందని గూడెమూ—రెండూ చూశాను, రెండింటి ముందూ నా మాట తడబడింది అని రాయగలిగినది స్వగత రచన ఒక్కటే. తీర్మానానికి ఆ వెసులుబాటు లేదు. తడబాటును నిజాయితీగా రాస్తే రాజకీయం పలచబడుతుందని భయపడేవారు వున్నారు. నా అనుభవంలో విద్యార్థులు అలాంటి రాతనే నమ్ముతారు, దాని మీదనే వాదిస్తారు.

చివరగా, రాయడం గురించి రాయడం. వ్యావహారిక భాష కోసం పోరాడిన గురజాడ తన డైరీలను ఎక్కువ భాగం ఇంగ్లీషులో రాసుకొన్నాడు. ఆయనను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. చదువుకొన్నవాడి ‘నేను’ తనతో తాను మాట్లాడుకొనే భాష కూడా చదువూ కొలువూ నిర్ణయించాయని చెప్పడానికి అంటున్నాను. ఇవాళ కోయ ఇంటి పిల్ల తెలుగులో తన రోజును రాసుకొనేటప్పుడు అదే చిక్కు మరో రూపంలో వుంది. కలం కదలడం లేదని, ప్రేరణ రావడం లేదని వాపోయే రాతలకు బదులు, ఈ మాట మా ఇంట్లో ఇలా అనరు అని ఆ పిల్ల రాస్తే, రచన గురించిన రచనకు అంతకంటె మంచి విషయం లేదు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. స్వగత రచనను మన తరగతుల నుంచీ పత్రికల నుంచీ వెలి వేయవద్దు, దాన్ని లెక్క అడగండి. విద్యార్థి తన ముచ్చట తెచ్చి చూపినప్పుడు, నీ అభిప్రాయం అభ్యుదయకరమా కాదా అని మొదటే అడగవద్దు. తేదీ ఎక్కడ, వూరు ఎక్కడ, ఆ రోజు మిరప ఏరిన కూలి ఎంత, ఈ మాట ఎవరన్నారు, నువ్వప్పుడు ఎక్కడున్నావు అని అడగండి. ఇవి రాయడం అలవాటైనవాడికి అభిప్రాయం దానంతట అది ఏర్పడుతుంది. మనం ఏర్పరచి ఇచ్చిన అభిప్రాయం కంటె అది ఎక్కువ కాలం నిలుస్తుంది.