రంగులరాట్నముతో ఊరికి నీరు తోడవచ్చునా?

నీటి యంత్రములను తయారుచేయు సంస్థలు తమ సరకును పరదేశములకు పంపుట మంచిదే. ఒకచోట కనిపెట్టిన ఉపాయము మరొకచోట దాహము తీర్చినచో కాదనువారెవరు? కాని యంత్రము ఎల్లలు దాటినంత సులభముగా దాని మరమ్మతు ఎల్లలు దాటదు. ఈ సంగతి మరచిన ఒక ప్రయత్నమును పరిశీలింతము.

దక్షిణాఫ్రికాలో రూపొందిన "ప్లేపంప్" పిల్లలు ఆడుకొను రంగులరాట్నము. అది తిరిగినప్పుడు క్రిందనున్న పంపు బోరుబావి నీటిని తోడి, 2,500 లీటర్ల ఎత్తైన తొట్టిలోనికి ఎక్కించును. తొట్టి చుట్టును పలకలుండును. వాటిపై వేయు వ్యాపార ప్రకటనల రాబడితో మరమ్మతులు జరుగునని ఏర్పాటు. ఊహ ముచ్చటైనదే. 2000లో దీనికి ప్రపంచ బ్యాంకు బహుమానము వచ్చినది. 2006లో అమెరికా ప్రభుత్వము, అచ్చటి దాతృసంస్థలు కలిసి 1 కోటి 64 లక్షల డాలర్లు ప్రకటించినవి. 2010 నాటికి ఆఫ్రికాలో 4,000 పంపులు నెలకొల్పుట లక్ష్యము.

ఇక లెక్క చూతము. విద్యార్థులు కాగితము, పెన్సిలు తీసికొందురు గాక! 40 మీటర్ల లోతునుండి గంటకు 1,400 లీటర్లు తోడునని తయారీదారుల మాట. ఒక లీటరు నీటిని 40 మీటర్లు ఎత్తుటకు 1 × 9.8 × 40, అనగా 392 జౌళ్ల పని కావలెను. 1,400 లీటర్లకు సుమారు 5,49,000 జౌళ్లు. దీనిని గంటలోని 3,600 సెకండ్లచే భాగించిన 152 వాట్లు వచ్చును. ఎదిగిన మనిషి ఎడతెగక పనిచేసినను చూపగల సామర్థ్యము సుమారు 75 వాట్లే. ఘర్షణను వదలివేసినను, ఇది ఇద్దరు పెద్దల చాకిరి. దీనిని పిల్లల ఆట అనవచ్చునా?

ఒక్కొక్క పంపు 2,500 మందికి చాలునన్నారు. మనిషికి రోజుకు 15 లీటర్ల చొప్పున 37,500 లీటర్లు కావలెను. గంటకు 1,400 చొప్పున దాదాపు 27 గంటలు పట్టును. రోజునకు ఉన్నవి 24 గంటలే!

పిల్లలు బడిలో ఉన్నప్పుడు, ఎండ కాయునప్పుడు, అలసినప్పుడు రాట్నము త్రిప్పువారెవరు? బిందెలతో వచ్చిన స్త్రీలే. కొన్నిచోట్ల చక్కగా పనిచేయుచున్న చేతిపంపును తీసివేసి దీనిని బిగించిరి. దీని వెల సుమారు 14,000 డాలర్లు. ఆ సొమ్ముతో నాలుగు చేతిపంపులు వేయవచ్చును. మారుమూల పల్లెలో ప్రకటన వేయుటకు వ్యాపారులు ముందుకు రాలేదు. చెడిన పంపులు నెలల తరబడి అట్లే పడియుండెను. 2010లో ఒక ముఖ్య దాతృసంస్థ అనుకున్నది నెరవేరలేదని బహిరంగముగా ఒప్పుకొన్నది. ఆ నిజాయితీ మెచ్చదగినదే. కాని ఈ గుణకారము, భాగహారము 2006లోనే చేయదగినవి.

దీని ప్రక్కన మన "ఇండియా మార్క్ 2" చేతిపంపును నిలిపి చూడుడు. మన పల్లెలలో బోరింగు అని పిలుచునది ఇదే. ఒక కుటుంబమునకై చేసిన పోతయినుము పంపులు ఊరంతటి వాడకమునకు తాళలేక విరుగుచుండగా, షోలాపూరులో రూపొందిన ఉక్కు పంపును ఆధారముగా తీసికొని 1970ల దశకమున యూనిసెఫ్, ప్రభుత్వము, మద్రాసులోని యంత్రనిర్మాతలు దీనిని తీర్చిదిద్దిరి. నమూనా ఏ ఒక్కరి సొత్తును కాదు. అందుచే పెక్కు కర్మాగారములు దీనిని చేసెను, విడిభాగములు దొరికెను, ఆఫ్రికాకును ఎగుమతి అయ్యెను.

అయినను దీనిలోను లోపములు కలవు. వాషరు మార్చవలెనన్నను గొట్టములన్నియు పైకి లాగవలెను. అందుకు పనివాండ్రు, బరువైన పనిముట్లు కావలెను. ఆఫ్రికాలో కొన్నిచోట్ల నీటికి ఆమ్లగుణము ఉండుటచే, జింకు పూత గల ఇనుప గొట్టములు కూడ త్వరగా తుప్పుపట్టెను. మన నేలకు సరిపడినది ప్రతి నేలకు సరిపడదు. ఈ అనుభవముతోనే గొట్టములు లాగకుండ పిస్టను పైకి తీయగల మార్క్ 3 వచ్చినది. ఆఫ్రికాలో గ్రామస్థులే బాగుచేసికొనదగిన "ఆఫ్రిదేవ్" పంపు రూపొందినది.

కనుక పరదేశమునకు పోవు నీటి సంస్థకు ఎన్ని యంత్రములు అమ్మితిమన్నది గొప్ప కాదు. చెడిన మరునాడు ఊరివారికి నీరు దొరికెనా అన్నదే పరీక్ష. ఉపాధ్యాయులు పిల్లలను దగ్గరలోని బోరింగునొద్దకు తీసికొనిపోయి, బిందె నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టునో కొలిపించి, నీటి లోతు తెలిసికొని, త్రిప్పలు పడువారి సామర్థ్యమును వాట్లలో కట్టింపవలెను. అది చెడినచో ఎవరు, ఎన్ని రోజులకు బాగుచేయుదురో కూడ అడిగి వ్రాయింపవలెను.