లోపం ఎటు కదిలింది?

ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్‌లో డేవ్ సిమన్స్ కంపెనీ 1981లో ఎస్‌డీఎస్-5 అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌ను తెచ్చింది. దాని రూపకల్పనలో లాండ్‌స్కేప్ బృందం డ్రమ్మర్ రిచర్డ్ జేమ్స్ బర్జెస్ పాలుపంచుకున్నాడు. అదే ఏడు స్పాండౌ బ్యాలే బృందం పాట ‘చాంట్ నంబర్ 1’లో అది వినిపించింది. జనానికి గుర్తుండిపోయినవి ఆరు మూలల ప్యాడ్లు. నాకు ఇష్టమైనది మాత్రం వాటి వెనక ర్యాక్‌లో కూర్చునే పెట్టె.

ఆ పెట్టెలో ఒక్కో వాద్యానికి ఒక్కో మాడ్యూల్. బేస్, స్నేర్, మూడు టామ్‌లు మామూలుగా ఉంటాయి. హై-హ్యాట్, సింబల్ కూడా చేరిస్తే 7. టామ్‌ల మాడ్యూళ్లు ఒకే తీరున కట్టినవి కాబట్టి, ఒకటి మూగబోతే పక్కనే దానికి జోడీ పనిచేస్తూ కనిపిస్తుంది. ఇంతకంటే మంచి పరీక్ష పరికరం ఏ దుకాణంలోనూ దొరకదు. కరెంటు తీసేసి, రెండిటి స్థానాలు మార్చి చూడాలి. లోపం మాడ్యూల్‌తో పాటు వెళ్లిందా, దాని జబ్బు దానిలోనే ఉంది. పాత చోటే ఉండిపోయిందా, ప్యాడ్‌నో, కేబుల్‌నో, మాడ్యూల్ గుచ్చుకునే కనెక్టర్‌నో అనుమానించాలి. అప్పుడు కేబుల్ ఒక్కటే మార్చాలి, తరవాత ప్యాడ్ ఒక్కటే. రెండూ ఒకేసారి మారిస్తే కిట్ మోగవచ్చు గానీ, ఎందుకు మోగిందో తెలియదు. ఎందుకో తెలియని రిపేరును నేను రిపేరుగా లెక్కపెట్టను.

ఇటీవల నా బల్ల మీదికి వచ్చిన కిట్‌లో రెండో టామ్ కొడితే ‘ఫస్’మనే గాలి చప్పుడే తప్ప, జారుతూ దిగే ఆ పేరుపడ్డ ‘డూవ్’ రావడం లేదు. మూడో టామ్‌తో చోటు మార్చాను. ‘ఫస్’ కూడా మాడ్యూల్ వెంటే వెళ్లింది. ఇక మూత తీసి కనపడ్డ పార్టునల్లా మార్చాలని చెయ్యి లాగుతుంది. అక్కడే ఆగి వినాలి. ఈ మాడ్యూల్ లోపల ధ్వని రెండు దారుల్లో పుడుతుంది: ఆసిలేటర్ నుంచి స్వరం, నాయిస్ వలయం నుంచి గాలి చప్పుడు. దెబ్బ తగిలినప్పుడు రెండూ కలిసి ఒకే ద్వారం గుండా బయటికి వచ్చి, డికే నాబ్ చెప్పినంతసేపు మోగి ఆరిపోతాయి. గాలి చప్పుడు సరిగ్గా మొదలై సరిగ్గా ఆగుతోందంటే ప్యాడ్ పల్స్ పంపుతోంది, ట్రిగ్గర్ అందుకుంటోంది, ఆ ద్వారం తెరుచుకుని మూసుకుంటోంది. కరెంటూ అందుతోంది. సగానికి పైగా సర్క్యూట్‌ను స్క్రూడ్రైవర్ ముట్టకుండానే చెవి నిర్దోషిగా తేల్చేసింది. మిగిలింది స్వరం దారి. టోన్ నాబ్‌ను కాస్త పక్కకు నొక్కి పట్టుకుంటే స్వరం ఒక్క క్షణం పలికింది. నాబ్ కాలి దగ్గర టంకం పగిలి ఉంది. నలభై ఏళ్లుగా ఎందరో తిప్పిన నాబ్ అది. ఆ ఒత్తిడంతా బోర్డు మీది అతుకే మోసింది. పాత టంకం లాగేసి కొత్తది పెడితే సరిపోయింది.

అన్నీ ఇంత తేలిగ్గా దొరకవు. అన్ని మాడ్యూళ్లూ ఒకేసారి హమ్ చేస్తుంటే ఏ ఒక్కదాన్నీ తిట్టి లాభం లేదు, పవర్ సప్లై చూడాలి. మన 50 హెర్ట్జ్ కరెంటు బ్రిడ్జ్ రెక్టిఫయర్ దాటాక 100 హెర్ట్జ్ అలగా మారుతుంది. హమ్ 100 దగ్గర ఉంటే ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లను, 50 దగ్గర ఉంటే ఎర్తింగ్‌ను, కేబుల్ షీల్డ్‌ను ముందు చూస్తాను. ఆ పెట్టెలోకి మెయిన్స్ కరెంటు నేరుగా వస్తుంది. ప్లగ్ పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

ప్యాడ్ల సంగతి వేరు. తొలి ప్యాడ్ల ముఖం గట్టి పాలీకార్బనేట్. మణికట్లు నొప్పి పుడుతున్నాయని డ్రమ్మర్లు మొత్తుకున్నాక రబ్బరు ముఖాలు వచ్చాయి. అన్ని దెబ్బలు తిన్న ప్యాడ్‌లో తీగలు ఊడటం, సెన్సర్ వదులవడం మామూలే. ఒకటి కొడితే ఇంకొకటి మోగడం మరో బాధ. మన ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్ వాయించేవాళ్లకు దీన్ని కొత్తగా చెప్పనక్కర్లేదు. స్టాండ్ అదురు పక్క ప్యాడ్‌కు పాకడమే కారణం. సెన్సిటివిటీ తగ్గించేముందు స్టాండ్ బిగించి చూడండి.

పాత పరికరం రాగానే కెపాసిటర్లన్నీ మార్చిపారేసే పద్ధతిని నేను ఒప్పుకోను. పవర్ సప్లైలో చెడినవి మార్చాల్సిందే. కానీ ధ్వని పుట్టేచోట ఉన్న కెపాసిటర్ విలువ కొంచెం మారినా స్వరం స్థాయి, మోగే వ్యవధి మారిపోతాయి. ఆ కిట్‌ను మనం వెతుక్కున్నది ఆ గొంతు కోసమే.

మీ ఇంట్లోనో, ఏ ఆర్కెస్ట్రా సామాన్ల గదిలోనో మూగబోయిన పాత డ్రమ్ పెట్టె ఉంటే పార్టులుగా విడదీసి అమ్మకండి. నాబ్‌ల స్థానాలు ఫొటో తీసుకోండి, లోపలి ట్రిమ్మర్లను గుర్తు పెట్టకుండా తిప్పకండి, దొరికితే సర్క్యూట్ డయాగ్రమ్‌ను పెట్టెతోనే ఉంచండి. తరవాత దాన్ని తెరిచే మెకానిక్‌కు అవి కావాలి.